తాతయ్య బీరువాలో ఎండ

సూర్యుణ్ణి పనిలో పెట్టుకుని, ఏళ్ళ తరబడి జీతం లేకుండా చాకిరీ చేయించుకుని, సాయంత్రం కాగానే "ఈ పూట ఏడ్చినట్టే చేశావు, రేపన్నా త్వరగా తగలడు" అని తిట్టి పంపించిన మగాడు ఈ భూమ్మీద ఒక్కడే. ఆయన మా తాతయ్య. చంద్రుడు కూడా ఒకసారి పని అడుక్కోవడానికి వచ్చాడట. వేడి లేనివాడితో నాకేం పని అని తాతయ్య గుమ్మంలోంచే సాగనంపాడు.

ఈ మాట వీధిలో ఎవరితో అన్నా నవ్వుతారు. తాతయ్యతో అంటే నవ్వడు. ఉన్నమాటే కదా అన్నట్టు గడ్డం నిమురుకుంటాడు. కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఇక్కడిదాకా కోతలు. ఇక్కడినుంచి నిజం, అది కోతలకన్నా సిగ్గుచేటు.

తాతయ్య అసలు పని రేకులపని. వయసులో ఉండగా బట్టలు దాచుకునే రేకుపెట్టెలు చేసేవాడు. వాటికి పేరుండేది. మంచి పేరని అనుకునేరు. మూత పడిందంటే చీమ దూరదు, గాలి దూరదు, ఆఖరికి సొంతదారు చెయ్యి కూడా దూరదు. ఒక బడిపంతులు కొత్త కోటు దాచుకోవడానికి ఆయన దగ్గర పెట్టె చేయించుకున్నాడు. దాన్ని తెరవడానికి పక్కింటివాళ్ళ గునపం అరువు తెచ్చుకోవలసి వచ్చింది. తెరిచాక చూస్తే కోటుకి బూజు పట్టి, ముసలి పిల్లి ముడుచుకు పడుకున్నట్టు ఉంది. గాలి ఆడకపోతే ఇంతేనండీ అని పంతులు మొత్తుకున్నాడు. తాతయ్య పెట్టెను అటు తిప్పి ఇటు తిప్పి, మూలలు తట్టి చూసి, పెట్టెలో తప్పు లేదు, కోటులోనే ఉంది, తడి ఆరకుండా పెట్టి ఉంటావని తీర్పు చెప్పాడు. పెట్టెల వ్యాపారానికి అక్కడితో మూతపడింది. ఆ మూతా గట్టిగానే పడింది.

ఆయన ఖాళీగా ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఇల్లు నడిపింది అమ్మమ్మ. డాబా మీద చాపలు పరిచి పళ్ళముక్కలు ఎండబెట్టి దుకాణాలకు అమ్మేది. మామిడి, అరటి, అనాస, ఏది చవగ్గా దొరికితే అది. పిట్టలు ఎత్తుకుపోయినవి పోగా, దుమ్ము పట్టినవి పారేయగా, ఉన్నట్టుండి కురిసే వానకు నానినవి వదిలేయగా మిగిలినవే సరుకు. తాతయ్య డాబామీద నీడలో కూర్చుని ఇదంతా గమనిస్తూ ఉండేవాడు. సాయం చేశాడేమో అనుకోకండి. గమనించాడు. అమ్మమ్మ చెప్పేదాని ప్రకారం ఆయన గమనించిన విషయం ఒక్కటే. ఇంత ఎండ ఇలా డాబామీద ఊరికే పోతోందే, దీన్ని పెట్టెలో పెట్టేవాడే లేడా అని.

పెట్టాడు. దాన్ని మా ఇంట్లో బీరువా అంటాం. డాబాకి ఆనుకుని ఉన్న రేకుల కొట్టాంలో అది నిలబడి ఉంటుంది. బయట ఎండలో పొడుగ్గా, వాలుగా ఒక అద్దాల పెట్టె. దాని అడుగున నల్లరంగు వేసిన రేకు. కింద నుంచి దూరిన గాలి ఆ నల్లరేకు మీద పాకుతూ కాగి, పైకి ఎగబాకి, కొట్టాంలోని బీరువాలోకి వస్తుంది. బీరువాలో ఒకదాని మీద ఒకటి జల్లెడ లాంటి పళ్ళేలు. వాటిమీద పళ్ళముక్కలు. వేడిగాలి ముక్కల్లోని తడిని మోసుకుని, నడినెత్తిన ఉన్న గొట్టంలోంచి బయటికి పోతుంది. గొట్టానికి ఒక చిన్న ఫ్యాను, ఒక మూత. అంతే. సైన్సు పరీక్ష రెండుసార్లు తప్పిన నాకే అర్థమైందంటే ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదని మీరే తెలుసుకోండి.

వేడి వృథాగా పోవడం అంటే తాతయ్యకి ఒళ్ళు మంట. టీ తాగుతూ మధ్యలో ఎవరన్నా పలకరిస్తే గ్లాసుమీద అరచెయ్యి మూత పెట్టి జవాబు చెబుతాడు. అన్నం వండిన గిన్నె చల్లారుతుంటే దాని పక్కన తన చొక్కా ఆరేస్తాడు. ఏ కాలమైనా గదిలోకి ఎవరన్నా వస్తే, కుశలం అడక్కముందే "తలుపు వెయ్యి" అంటాడు. పోస్టు ఇవ్వడానికి వచ్చినవాడికీ అదే మాట, వైద్యం చెయ్యడానికి వచ్చినవాడికీ అదే మాట. ఒకసారి ఇంట్లోకి దొంగ దూరితే అతనితో కూడా అదే అన్నాడని అమ్మమ్మ అంటుంది. ఆ దొంగ పాపం మర్యాదస్తుడు, వెళ్ళేటప్పుడు వేసే వెళ్ళాడట. వీధివాళ్ళు ఆయనకు తలుపు తాత అని పేరు పెట్టారు. ఆ పేరు బిరుదు అనుకుంటాడు.

ఇన్ని చేసినా బీరువాకి ఒక రోగం ఉంది. మబ్బు పట్టినప్పుడూ, పొద్దు వాలాకా వేడి చాలదు. దానికోసం అడుగున ఒక కరెంటు హీటరు పెట్టారు. లోపల వేడి తగ్గగానే అది దానంతట అదే అందుకుంటుంది. అది పనిచేస్తున్నంతసేపూ తలుపు పక్కన ఒక ఎర్ర బల్బు వెలుగుతుంది. మబ్బు లేకపోతే పగలు ఆ బల్బుతో పని ఉండకూడదు. కానీ మా బీరువాకి నడిమధ్యాహ్నం కూడా ఆ ఎర్ర కన్ను తెరుచుకుని ఉండేది. ఎండ పేరు, కరెంటు కాపురం.

ఇప్పుడు వ్యాపారం నడిపేది పిన్ని. ముక్కలు కోయడం ఇంకా అమ్మమ్మదే, బీరువా తాతయ్యదే, కానీ పొట్లాలు కట్టడం, దుకాణాలు తిరగడం, కరెంటువాళ్ళతో తిట్లు తినడం పిన్ని పని. పిన్ని తిట్లు పడే మనిషి కాదు, పెట్టే మనిషి. ఒకరోజు కరెంటు మేస్త్రిని పిలిచి హీటరుకి విడిగా ఒక మీటరు పెట్టించింది. కొన్నాళ్ళు అదే పనిగా దాన్ని చూసింది. ఆ తర్వాత తాతయ్య ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది.

"నాన్నా, నీ సూర్యుడు తిండికి తప్ప పనికి వచ్చేలా లేడు. పనంతా హీటరు చేస్తోంది, పేరు ఆయన కొట్టేస్తున్నాడు."

మబ్బులని తాతయ్య అన్నాడు. ఈ నెలలో మబ్బెక్కడిదని పిన్ని అంది. మామిడిపళ్ళలో నీళ్ళు ఎక్కువయ్యాయని ఆయన అన్నాడు. నీళ్ళు లేని పళ్ళు ఏ చెట్టుకి కాస్తాయో చెబితే అవే కొనుక్కొస్తానని ఆమె అంది. ఆఖరికి మీటరు దొంగదని తాతయ్య తేల్చాడు. ఓడిపోయేవాడి ఆఖరి మాట అదే కాబట్టి పిన్ని అసలు సంగతి చెప్పింది. బజార్లో స్టీలు యంత్రాలు వచ్చాయి. తలుపు వేసి మీట నొక్కితే అవే ఎండబెడతాయి. కరెంటే తాగాలంటే తిన్నగా తాగే యంత్రం కొంటుంది, ఈ దొంగచాటు తాగుడు ఎందుకు? మామిడిపళ్ళు ఇంకొన్నాళ్ళు వస్తాయి. ఆలోపు ఒక్క నిండు వాయి, ఇప్పుడు తాగే కరెంటులో సగంతో ఎండబెట్టి చూపిస్తే బీరువా ఉంటుంది. లేకపోతే దాని చోట కొత్త యంత్రం, అది పాత సామాన్లవాడి బండి మీద.

ఒట్టి బెదిరింపు అనుకున్నాడు తాతయ్య. మర్నాడే పాత సామాన్లవాడు వచ్చి బీరువా చుట్టూ తిరిగి, వేలి కణుపుతో టంగుమని కొట్టి చూశాడు. అద్దాలు పనికిరావన్నాడు, చెక్క పుచ్చిందన్నాడు. రేకు మాత్రం మంచిదే, తూకానికి తీసుకుంటానన్నాడు. తన చేత్తో వంచి, అంచులు మడిచి, టాకాలు వేసిన వస్తువు గురించి తూకం మాట విన్నాక తాతయ్య మొహం చూడాలి. వడ్డించిన విస్తరి ముందునుంచి లేపేసినట్టుంది. నీ తలకాయ కూడా తూకానికి ఇస్తావా అని అడిగాడు. పాత సామాన్లవాడు తడుముకోకుండా, అందులో బరువేం ఉండదు పెద్దాయనా, గిట్టుబాటు కాదన్నాడు.

అప్పుడు మొదలైంది తాతయ్య ప్రతాపం.

మొట్టమొదట నల్లరేకుకి కొత్త రంగు. నిగనిగలాడే నలుపు తెచ్చి పూశాడు. మొహం చూసుకుని తల దువ్వుకునేంత మెరుపు వచ్చింది. మెరిసేది ఎండని మింగదు, తిప్పికొడుతుందని ఎవరో చెప్పాక, దాన్నంతా గీకి, అమ్మమ్మ పొయ్యిమసి తీసి జిగురులో కలిపి పులిమాడు. రేకుతోపాటు చొక్కా, చెవులు, కొట్టాం గోడ కూడా నల్లబడ్డాయి. ఎండలో నిలబెడితే ఆయనే ఒక వాయి ఎండబెట్టేలా ఉన్నాడు.

తర్వాత అద్దం. ఒక పొర అద్దంలోంచి వేడి జారిపోతోందని, పాత కిటికీ అద్దం ఊడబీకి రెండో పొర వేశాడు. ఆ కిటికీ ఇంకా వాడుకలోనే ఉందని అమ్మమ్మ ఎంత చెప్పినా వినలేదు. ఇప్పుడు ఆ కిటికీకి అట్టముక్క ఉంది. అక్కడితో ఆగితే ఆయన తాతయ్య ఎందుకవుతాడు? పడకగదిలోని నిలువుటద్దాన్ని మోయించి డాబా ఎక్కించి, దానిమీంచి కూడా ఎండ పెట్టెమీద పడేలా నిలబెట్టాడు. మధ్యాహ్నం దాకా ఎండ పెట్టెమీదే పడింది. మధ్యాహ్నం తర్వాత ఎదురింటి దర్జీ కళ్ళల్లో పడింది. దర్జీ ఒక పెద్దమనిషి ప్యాంటుకి మూడో కాలు కుట్టబోయి ఆగాడట. ఆ ప్యాంటు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. "నీ కళ్ళు మూసుకుని కుట్టుకో, రోజూ చేసేది అదేగా" అన్నాడు తాతయ్య. ఇద్దరికీ ఇప్పటికీ మాటల్లేవు.

ఆ తర్వాత సందులు. పాత సైకిలు ట్యూబులు కోసి తలుపు అంచుల చుట్టూ అంటించాడు. వీపుకీ, పక్కలకీ బొంతలు కట్టాడు. అమ్మమ్మ పండగకనో పబ్బానికనో దాచుకున్న మంచి బొంత కూడా అందులోకి పోయింది. చెప్పక తప్పదు, ఇవన్నీ పనికొచ్చే పనులే. ఇక్కడ ఆగి ఉంటే ఈ కథ ఇంత వెక్కిరింపుగా చెప్పే అవకాశం నాకు ఉండేది కాదు.

ఆగలేదు. వాయి ఎక్కించిన రోజు పొద్దున కొట్టాంలో నిలబడి నడినెత్తి గొట్టంకేసి చూశాడు. దానిలోంచి వెచ్చటి గాలి గుప్పుగుప్పున బయటికి పోతోంది. అంత కష్టపడి పోగుచేసిన వేడి, కళ్ళముందే, పట్టపగలు, ఊరిమీద పడి పోతోంది. ఆయన గుండె తరుక్కుపోయింది. నిచ్చెన వేసుకుని ఎక్కి, గొట్టం మూత బిగించి, చుట్టూ ట్యూబుముక్క కట్టి దిగి వచ్చాడు. ఇప్పుడు పోతుందేం చూస్తానన్నాడు.

వేడి ఎక్కడికీ పోలేదు. నిజమే. తడి కూడా ఎక్కడికీ పోలేదు.

సాయంత్రం పిన్ని తలుపు తీస్తే, స్నానాల గది తలుపు తీసినట్టు ఆవిరి మొహాన కొట్టింది. బీరువా లోపలి గోడల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ముక్కలు మెత్తబడి, రంగు చచ్చి, ఒకదానికొకటి అతుక్కుని, పులిసిన వాసన వేస్తున్నాయి. పిన్ని ఒక పళ్ళెం బయటికి లాగి తండ్రి ముందు పెట్టింది. అమ్మమ్మ వచ్చి వంగి చూసింది.

"ఎండబెట్టమంటే ఉడకబెట్టారు," అంది. "మళ్ళీ ఆ పంతులు పెట్టే చేశారు మీరు. అప్పుడు కోటు, ఇప్పుడు మామిడిపళ్ళు. మీరు మూత పెట్టిన ఏ వస్తువు బాగుపడింది గనక?"

ఆ ముక్కలన్నీ బుట్టలకెత్తి పెంటకుప్ప మీద పోశారు. పాత సామాన్లవాడికి ఎల్లుండి రమ్మని పిన్ని కబురు పెట్టింది.

అసలు భయం వేసింది ఆ మర్నాడు. తెల్లారుతూనే చల్లగాలి. ముందుగది తలుపు బార్లా తెరిచి ఉంది. నేను లోపలికి వెళ్ళాను, బయటికి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. తాతయ్య కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తున్నాడు. తలుపు సంగతి ఎత్తలేదు. ఆయన ముందు టీ పొగలు కక్కి కక్కి చల్లారి మీగడ కట్టింది. గ్లాసుమీద అరచెయ్యి లేదు. పాలు పోసేవాడు వచ్చి, అలవాటుకొద్దీ తనే తలుపు వేసి, ఇంట్లో ఎవరికన్నా బాగాలేదా అని గుసగుసగా అడిగి వెళ్ళాడు.

అమ్మమ్మ వంటింట్లోంచి రెండుసార్లు తొంగిచూసింది. వంటింటి తలుపు కావాలని దడాలున తెరిచి వదిలేసింది. ఆయన కదల్లేదు. అప్పుడు ఆమె చెయ్యి తుడుచుకుంటూ పిన్ని దగ్గరికి వెళ్ళింది. ఏం మాట్లాడుకున్నారో నేను తలుపు సందులోంచి విన్నంతవరకూ ఇదీ. ఇంకొక్క వాయికి పళ్ళున్నాయి, ముక్కలు నేను కోస్తాను, చెడిపోతే నా వాటాలో పట్టుకో, ఎలాగూ అన్నీ వదులుకునే ఉన్నాను అని అమ్మమ్మ చెప్పింది. నీకెందుకమ్మా అంత జాలి అని పిన్ని అడిగింది. "జాలి కాదు," అంది అమ్మమ్మ. "ఆయన నోరు మూసుకుని కూర్చుంటే నాకు తోచడం లేదు. రోజంతా ఎవర్ని తిట్టను?"

మర్నాడు పొద్దున రెండో వాయి ఎక్కింది. తాతయ్య నిచ్చెనెక్కి గొట్టం మూత తీశాడు. తీయడం తీశాడు కానీ, తన చేతుల్తో వేడిని బయటికి పంపుతున్నప్పుడు ఆయన మొహం ఆడపిల్లని అత్తారింటికి పంపేవాడి మొహంలా ఉంది. మసి పని చేసింది, రెండో అద్దం పని చేసింది, బొంతలు పని చేశాయి. ఎండ కూడా దండిగా ఉంది. నిలువుటద్దం మాత్రం దర్జీ పుణ్యమా అని గోడవైపు తిరిగి శిక్ష అనుభవిస్తోంది. అన్నీ బాగానే ఉన్నాయి. అయినా ఎర్ర బల్బు వెలుగుతోంది. ఆరుతోంది, మళ్ళీ వెలుగుతోంది.

తాతయ్య పళ్ళు నూరాడు. హీటరుని తిట్టాడు, మీటరుని తిట్టాడు, మీటరు పెట్టిన మేస్త్రిని, వాడిని కన్నవాళ్ళని తిట్టాడు. ఎండకేసి చూసి, నీకేం రోగం అని దాన్నీ వదిలిపెట్టలేదు. తిడుతూనే తలుపు తెరిచి, ఒక ముక్కని బొటనవేలితో నొక్కి చూసి, మూసేవాడు. మళ్ళీ తిట్లు. మళ్ళీ తలుపు. మళ్ళీ బొటనవేలు.

ఆ బొటనవేలి గురించి చెప్పాలి. ముక్క ఎండిందో లేదో ఆయన నొక్కి చూసి చెబుతాడు. నొక్కితే గుంట పడి, మెల్లిగా మళ్ళీ పైకి లేస్తే ఎండినట్టు. గుంట అలాగే ఉండిపోతే ఇంకా పచ్చి. ఇది మంచి పరీక్షే. సాయంత్రానికి ఒకసారో రెండుసార్లో చేస్తే చాలు. తాతయ్య మాత్రం ముక్కలు ఎక్కించిన కాసేపటి నుంచే, అవి ఇంకా రసం కారుతున్నప్పటి నుంచే మొదలుపెడతాడు. ఎవరినీ నమ్మడు, ముక్కల్ని అసలే నమ్మడు. మా సరుకు కొనే దుకాణాలవాళ్ళు, మీ ముక్కలకి ఆ గుంటలు ఎందుకని అడిగితే, అది మా ముద్ర అని పిన్ని ఏళ్ళుగా బుకాయిస్తోంది.

అమ్మమ్మ కొట్టాం గుమ్మంలో కూర్చుని మిగిలిన టెంకలకి గుజ్జు గీకుతోంది. కళ్ళు టెంకల మీద లేవు. తలుపు తెరుచుకోవడం, మూసుకోవడం, ఆ వెంటనే బల్బు వెలగడం చూస్తోంది. ఇంకోసారి చూసింది. మరోసారి చూసింది. గీకడం ఆపి, లేచి, తన కుర్చీని ఈడ్చుకెళ్ళి బీరువా తలుపుకి ఆనించి వేసి, దానికి వీపు ఆనించి కూర్చుంది.

"లే," అన్నాడు తాతయ్య.

"దేనికి?"

"ముక్కలు చూడాలి."

"ఇందాకేగా చూశారు. ఇంతలోకే వాటికి పెళ్ళిళ్ళై పిల్లలు పుట్టలేదు."

"చూడకపోతే ఎండాయో లేదో ఎట్లా తెలుస్తుందే?"

"చూస్తుంటే ఎండుతాయా మరి? మీరు తెరిచినప్పుడల్లా లోపలి వేడంతా బయటికి దూకుతోంది, ఆ ఎర్ర కన్ను తెరుచుకుంటోంది. ఊళ్ళో అందరి చేతా తలుపులు వేయించారు. ఈ ఒక్క తలుపు వెయ్యడం మాత్రం మీకు చేతకాలేదు."

తాతయ్యకి ఇది నిజంగా తెలియదు. దొంగతనంగా చేసిన పని కాదది. ఇతరులు తలుపు తెరిస్తే అది తెరవడం. తను తెరిస్తే అది తెరవడం కాదు, చూడటం. చూడటానికి వేడి ఖర్చవుతుందని ఆయనకి ఎన్నడూ తట్టలేదు. ఇన్నేళ్ళూ సందులు వెతికి వెతికి ట్యూబులు అంటించిన మనిషి, మనిషి దూరేంత సందుని రోజంతా తనే తీస్తూ వచ్చాడు.

ఒప్పుకున్నాడా? ఒప్పుకుంటే నా పేరు మార్చుకుంటాను. ఎర్ర బల్బు ముందు స్టూలు వేసుకుని, చేతులు కట్టుకుని, అమ్మమ్మ మాట అబద్ధమని నిరూపించడానికి కూర్చున్నాడు. బల్బు ఆరి ఉంది. చూస్తూనే ఉన్నాడు. ఆరే ఉంది. పాపం ఆయన ఇరకాటం పగవాడికి కూడా వద్దు. బల్బు వెలిగితే భార్య ఓడిపోతుంది, వెలగకపోతే బీరువా బతుకుతుంది. ఏది కోరుకోవాలో తెలియక ఒకసారి బల్బుకేసి, ఒకసారి అమ్మమ్మకేసి గుడ్లురిమి చూస్తున్నాడు. అమ్మమ్మ టెంకలు గీక్కుంటోంది.

సరిగ్గా అప్పుడే పాత సామాన్లవాడు వచ్చాడు. ఎల్లుండి రమ్మన్నారని వచ్చానన్నాడు. భుజాన గోనెసంచి, చేతిలో కొక్కేనికి తగిలించి తూచే స్ప్రింగు కాటా. రేకు ఊడదీస్తే మోసుకుపోతానన్నాడు. తాతయ్య అతనికేసి చూశాడు. కాటాకేసి చూశాడు. స్టూలు మీంచి లేచి, ఆ కాటా అతని చేతిలోంచి లాక్కున్నాడు.

బీరువా పైకప్పుకి రేకుకత్తెరతో వేలంత కన్నం చేశాడు. దానిలోంచి ఒక తీగ లోపలికి దింపాడు. తీగ కొసని ఒక పళ్ళేనికి కట్టడానికి తలుపు తెరవాలి. అమ్మమ్మ కుర్చీ జరిపింది, కానీ ఆయన చెయ్యి లోపల ఉన్నంతసేపూ బొటనవేలికేసే చూస్తూ నిలబడింది. కట్టడం కాగానే కుర్చీ మళ్ళీ యథాస్థానానికి వచ్చింది. ఇప్పుడు పళ్ళెం లోపల వేలాడుతోంది, కాటా పైన కొట్టాం వాసానికి వేలాడుతోంది. ముక్కల్లో తడి పోయినకొద్దీ కాటా ముల్లు పైకి జరుగుతుంది. ఒక పళ్ళెం పచ్చిముక్కలు ఎండితే ఎంత తూగుతాయో అందరికన్నా పిన్నికి బాగా తెలుసు, అమ్ముకునేది ఆమే కాబట్టి. ఆమే వచ్చి కాటా మీద ఆ తూకం దగ్గర సుద్దముక్కతో గీత గీసింది. ముల్లు ఆ గీత చేరితే ఎండినట్టు. తలుపుతో పని లేదు. బొటనవేలికి సెలవు.

నా కాటా ఇచ్చెయ్యండి పెద్దాయనా అని పాత సామాన్లవాడు గొణిగాడు. తూకం పని అన్నావుగా, తూకమే జరుగుతోంది, కూర్చో అన్నాడు తాతయ్య. అతనికి టీ ఇచ్చారు. కాసేపటికి అతను కూడా మెడ ఎత్తి ముల్లుకేసి చూడటం మొదలుపెట్టాడు. పోయే బేరం ఎలాగూ పోతోంది, ఎలా పోతోందో చూద్దామనుకున్నాడు కాబోలు.

పొద్దు దిగే వేళకి ముల్లు జరగడం మందగించింది. ముక్కల్లో ఇక పెద్దగా తడి లేదు, గొట్టంలోంచి పోయే గాలి పొడిగా ఉంది. తాతయ్య నిచ్చెనెక్కి, చెయ్యి పెట్టి ఆ గాలిని చూసి, మూతని సగం దాకా మూశాడు. కిందనుంచి అమ్మమ్మ గొంతు సవరించుకుంది. "తెలుసులేవే," అన్నాడు తాతయ్య, "సగమే." పొద్దున మూస్తే ఉడుకుతాయి, చివర్లో సగం మూస్తే పొడి వేడి లోపలే తిరుగుతుంది. మూతలు పెట్టడంలోనే జీవితం గడిపిన మనిషికి, ఎప్పుడు పెట్టాలో ఆ సాయంత్రం తెలిసింది. ఇంకాస్త ముందు తెలిసి ఉంటే ఒక పంతులు కోటు బతికేది.

ఎండ పోయాక ఎర్ర బల్బు వెలిగింది. అది దాని న్యాయమైన వంతు. మర్నాడు ఎండెక్కే వేళకి ముల్లు సుద్దగీత మీదికి వచ్చింది. అప్పుడు అమ్మమ్మ లేచి, కుర్చీ తీసి, తలుపు తెరిచింది. ముక్కలు బంగారం రంగులో, ఒకదానికొకటి అంటకుండా, పట్టుకుంటే వంగేలా ఉన్నాయి. గుంటలు లేవు. ముద్ర లేని సరుకు మా ఇంట్లో అదే మొదటిసారి.

పిన్ని మీటరు చూసింది. గోటితో తట్టి మళ్ళీ చూసింది. తాతయ్య పైకప్పు రేకులు లెక్కపెడుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు, కానీ ఆయన చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. సగం కన్నా కొంచెం తక్కువే అయిందని పిన్ని చెప్పింది. స్టీలు యంత్రం మాట ఇప్పట్లో ఎత్తనంది. అయితే ఒక షరతు, ఆ కుర్చీ అక్కడినుంచి కదలకూడదు. మళ్ళీ వచ్చిన పాత సామాన్లవాడు తన కాటా కోసం చెయ్యి చాస్తే, తాతయ్య దానికి బదులుగా ఆ నిలువుటద్దాన్ని అంటగట్టాడు. తన అద్దం బేరంలో పోయిందని అమ్మమ్మకి ఆ సాయంత్రం దాని ముందు తల దువ్వుకోబోయే దాకా తెలియలేదు.

ఇప్పుడు తాతయ్య వీధిలో చెప్పుకుంటున్న కథ వేరు. తలుపుకి మనిషిని ఆనించడం అనేది తాను బాగా ఆలోచించి బీరువాకి చేసిన కొత్త ఏర్పాటట. దానివల్ల ఎంతో కరెంటు మిగులుతుందట. ఆ ఏర్పాటు కుర్చీలో కూర్చుని ముక్కలు కోస్తూ అంతా వింటుంది. ఖండించదు. ఏర్పాట్లు మాట్లాడవు కదా అంటుంది.

ఇదంతా రాసి, నిన్న తాతయ్యకి చదివి వినిపించాను. అరచెయ్యి టీ గ్లాసు మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మధ్యలో ఎక్కడా అడ్డు తగలకుండా మొత్తం విన్నాడు. కోటు దగ్గర కాస్త కదిలాడు. బొటనవేలి దగ్గర ఆ వేలిని పిడికిట్లో దాచుకున్నాడు. అయిపోయాక, ఎలా ఉంది తాతయ్యా, ఏమన్నా తప్పు రాశానా అని అడిగాను.

"సొల్లు తప్ప ఏముందందులో?" అన్నాడు తాతయ్య. "నువ్వు వచ్చిన దగ్గర్నుంచి ఆ తలుపు తెరిచే ఉంది. వేసి తగలడు."